నాలుగు లావు తీగలు

బేస్ గిటారు నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి రోజే ఒక ప్రశ్న అడుగుతారు, వేగంగా వాయించడం ఎప్పుడు వస్తుందని. ఈ వృత్తిలో వేగం కోసం మిమ్మల్ని ఎవరూ పిలవరని చెబుతాను. కొందరు మర్నాటి నుంచి రారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, నా టైము మిగులుతుంది. ఉండిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు కరుణ. రాయపూర్‌లో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో, ఛత్తీస్‌గఢీ ఆల్బముల స్టూడియోల్లో, ఆ తరవాత జానపద గాయనుల వెనక బేస్ వాయించి బతికాను. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో మొదలుపెట్టి, ఈ మధ్య ఎడమచేతి వేళ్ళు మొరాయించేదాకా అదే నా ఉద్యోగం. కప్పిన శాలువాల గురించి, దిగిన ఫొటోల గురించి ఇక్కడ రాయను. అవన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. ఈ పనిలో అసలు ఏముంటుందో అది మాత్రం చెబుతాను.

ఎవరికీ అక్కర్లేని గిటారు

మా నాన్న నరసాపురం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అమ్మ నర్సు. రైల్వే కాలనీలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి, బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక కుటుంబం వాళ్ళ పిల్లల గిటార్లు మూడు ఇచ్చి వెళ్ళింది. అందులో రెండు మామూలు గిటార్లు. వాటిని మగపిల్లలు ఆ సాయంత్రమే పంచేసుకున్నారు. మూడోది బేస్. బరువు ఎక్కువ, మెడ పొడుగు, తీగలు నాలుగే, అవీ లావు. మీటితే గుయ్యిమంటుంది తప్ప పాట పలకదు. చాపల గదిలో గోడకి చేరేసి ఉన్న దాన్ని నేను ఇంటికి మోసుకొచ్చాను.

"ఏంటే అది, రోకలిలా మోస్తన్నావు?" అంది అమ్మ.

"బేస్ గిటారమ్మా."

"పాటొస్తుందా అందులో?"

"పాట రాదు. పాట కింద ఉంటుంది."

"కింద ఉండేదానికి అంత బరువెందుకే?" అని నవ్వింది. కానీ ఆ వారమే ఆస్పత్రి నుంచి వెడల్పాటి పట్టీ ఒకటి తెచ్చి, భుజానికి ఒరుసుకోకుండా దానికి దూది పెట్టి కుట్టింది.

మా సంఘంలో కొత్త పాటలు ఒక రకం, పాత కీర్తనలు ఇంకో రకం. కొత్త పాటలకి లెక్క ఉంటుంది, ఒకటి రెండు మూడు నాలుగు అనుకుంటూ వాయించుకోవచ్చు. పాత కీర్తనలకి ఆ లెక్క పనికిరాదు. ప్రతి పాదం చివర సంఘమంతా ఆగుతుంది. ముందు వరసలో చాప మీద కూర్చునే పెద్దవాళ్ళు ఊపిరి తీసుకునేదాకా ఎవరూ తరవాతి మాట ఎత్తుకోరు. అక్కడ ఆగాలని ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఒకసారి కొంచెం, ఇంకోసారి చాలాసేపు ఆగుతారు. మా సంఘంవాళ్ళెవరూ దాన్ని తప్పనుకోరు, పాటంటే అదే అనుకుంటారు.

నేను మొదటి ఆదివారం లెక్క ప్రకారం వాయించాను. రెండో చరణానికి నేను ఒక పాదం ముందున్నాను, సంఘం వెనకుంది. ఆరాధన అయ్యాక కీర్తనలు ఎత్తుకునే సుందరమ్మగారు నా దగ్గరికి వచ్చారు.

"వందనాలమ్మా కరుణా. బాగానే వాయిస్తన్నావు గానీ, మాకంటే ముందే పరలోకం వెళ్ళిపోతన్నావు. మేమూ వస్తాం గదా, కాస్త ఆగు."

"ఎంతసేపు ఆగాలో ఎలా తెలుస్తుందండి?"

"నా భుజాలు చూడు. లేచి దిగాక వాయించు."

నాకు దొరికిన సంగీత పాఠాల్లో ఇంతకు మించింది లేదు. ఆ తరవాత ఎన్నో వేదికలెక్కాను. ఎక్కిన ప్రతిచోటా ముందు చూసుకున్నది, పాడేవాళ్ళ భుజాలు నాకు కనపడతాయా అన్నది.

చేతుల సంగతి

వీడియోల్లో చూసి నేర్చుకుంటున్నారు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి నడవాలి. ఒకే వేలితో లాక్కురావడం అలవాటైతే పాట జోరందుకున్న చోట మీరు దొరికిపోతారు. బొటనవేలు పై తీగ మీద ఆనించి ఉంచండి. మీరు వాయించని తీగ దానంతటది మోగడమే బేస్‌లో పెద్ద రోత. వాయించడం ఎంత నేర్చుకుంటారో, వాయించని తీగల నోరు నొక్కడం అంత నేర్చుకోవాలి.

ఎడమచేయి దగ్గర ఆడపిల్లలకి ఒక అబద్ధం చెబుతారు, మీ వేళ్ళు పొట్టి, మీకు రాదని. నా వేళ్ళూ పొట్టివే. మెడ చివర, మెట్లు, అంటే ఫ్రెట్లు, వెడల్పుగా ఉన్నచోట నాలుగు వేళ్ళూ నాలుగు మెట్ల మీద పరిచి పట్టమంటారు. నేను పరచలేదు. ఉంగరపు వేలిని చిటికెన వేలికి తోడిచ్చి, మూడు మెట్లే పట్టుకుని, కావలసినప్పుడు చేయంతా జరిపాను. బలంగా నొక్కకండి, మెట్టుకి ఆనుకుని వెనకగా నొక్కండి, చాలు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి ఏళ్ళలో గొంతు పిసికినట్టు నొక్కాను, ఆ భారం ఇప్పుడు నా కీళ్ళు మోస్తున్నాయి.

ఇంకొకటి ఇక్కడి సంగీతానికే సంబంధించింది. మన దగ్గర పాటకి ఢోలక్, మాందర్ అనే మద్దెల ఉంటాయి. వాటి ఎడమవైపు ముఖం లోతుగా మోగుతుంది. అది మోగిన చోటే మీరూ మోగారా, రెండూ కలిసి బురదవుతాయి. ఢోలక్ వాయించే అతను ఎడమచేత్తో కొట్టే ముందో తరవాతో మీ స్వరం పడాలి. స్వరాన్ని ఎక్కడ మొదలుపెట్టారన్న దానికంటే ఎక్కడ ఆపారన్నది ముఖ్యం. స్టూడియోలో ఒక ఇంజనీరు ఈ మాట చెబుతూ నా చేతి మీద పెన్సిలుతో కొట్టేవాడు. నాకు మండేది, అయినా అతనే సరి.

కళ్ళతో వాయించే జబ్బు

నన్ను మొదట ఉద్యోగంలోకి తీసుకున్నది దూబేజీ. రాయపూర్‌లోనే తెలీబంధాలో బట్టల కొట్టు పైన ఆయన ఆర్కెస్ట్రా ఆఫీసు. మాటలన్నీ హిందీలోనే నడిచేవి, ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. కీబోర్డు మీద సంతోష్ ఉండేవాడు. ఆ రోజుల్లో నేను అతని వేళ్ళు చూస్తూ స్వరాలు పట్టుకునేదాన్ని. తేలిక పద్ధతి, మీలో చాలామంది ఇప్పటికీ అదే చేస్తున్నారు.

కీబోర్డులో శ్రుతి జరిపే బటన్ ఒకటి ఉంటుంది. గాయని పై శ్రుతిలో ఎత్తుకుంటే వాయించేవాడు వేళ్ళు మార్చనక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు, వేళ్ళు పాత మెట్ల మీదే ఉంటాయి, శబ్దం పైకి వెళుతుంది. ఒక రిసెప్షన్‌లో సంతోష్ నాకు చెప్పకుండా బటన్ నొక్కాడు. నేను నమ్మకంగా అతని వేళ్ళు చూసి వాయించాను. పల్లవి అంతా పాట ఒక శ్రుతిలో, నేను ఒక శ్రుతిలో. పెళ్ళికూతురి మేనమామ వేదిక దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగాడు, "మేడమ్, మీ గిటారు పాడైందా? మా ఎలక్ట్రీషియన్‌ని పిలవనా?"

సంతోష్ నెలరోజులు నన్ను "ఎలక్ట్రీషియన్ దీదీ" అని పిలిచాడు. నేను మాత్రం ఆ మర్నాటి నుంచి అతనికి వీపు పెట్టి నిలబడ్డాను. చెవి నమ్మాలంటే కళ్ళకి పని తీసెయ్యాలి. వేళ్ళు అబద్ధం చెబుతాయి, పాడేవాళ్ళ ఒళ్ళు చెప్పదు. చూడాల్సింది దాన్నే.

పేరున్నవాళ్ళ గురించి

ఇది చదివేవాళ్ళకి నచ్చకపోవచ్చు. ఫోన్లలో తిరిగే బేస్ వీరులున్నారే, బొటనవేలితో తీగని చరుస్తూ, మెషిన్‌లా దడదడలాడించేవాళ్ళు, వాళ్ళ చేతుల సాధన గొప్పది. నేను అంత వేగంగా ఏనాడూ వాయించలేదు. కానీ వాళ్ళలో చాలామంది వెనక పాడే మనిషి ఉండడు. మనిషి లేనప్పుడు ఎవరికోసమూ ఆగే పని లేదు. ఆ విద్యని చూసి ఆనందించండి, మీ ఉద్యోగం అదనుకోకండి.

పాత సినిమా పాటల్లో బేస్ వాయించినవాళ్ళ పేర్లు మనకి తెలియవు, క్యాసెట్ల మీద రాయలేదు. మద్రాసు స్టూడియోల్లో ఒకప్పుడు వాయించినవాళ్ళయితే, పైన గాయకుడు ఒక పాట పాడుతుంటే కింద ఇంకో పాట నడిపేవాళ్ళు, రెండూ ఎక్కడా కొట్టుకోవు. నన్నడిగితే పెద్ద బేస్ వాద్యకారులు వాళ్ళే. ఆ పాటలు హెడ్‌ఫోన్లో పెట్టుకుని గాయకుణ్ణి వదిలేసి కింది వరస మాత్రం మీ నోటితో పాడండి. పాడలేని వరసని వేళ్ళతో వాయించకండి.

బొంబాయి నుంచి వచ్చిన ఒక మంచి పేరున్న గాయకుడికి మేము వాయించాల్సి వచ్చింది. తీరా చూస్తే పాటంతా రికార్డులోనే ఉంది, ఆయన గొంతుతో సహా. ఆయన మనిషి వచ్చి, "మేడమ్, మీరు వైరు పెట్టక్కర్లేదు, నవ్వుతూ నిలబడండి" అన్నాడు. నేను నవ్వలేదు. వైరు లేని గిటారు మీద ప్రతి పాటా ఒక్క స్వరం తప్పకుండా వాయించాను. ఎందుకంటే నా చేతులకి అబద్ధం అలవాటు చెయ్యడం నాకిష్టం లేదు. తమాషా ఏమిటంటే, తెర వెనక ఆ గాయకుడు టీ తాగుతూ తనకోసం తాను ఒక చిన్న కూనిరాగం తీశాడు. ఎంత బాగుందో చెప్పలేను. బయట వేలమంది ఉన్నారు, వాళ్ళెవరికీ అది దక్కలేదు. ఆయన మీద నాకు జాలేసింది.

పసుపు పాట

దూబేజీ చెడ్డవాడు కాదు. ఆడపిల్ల బేస్ పట్టుకుంటే పెళ్ళివాళ్ళు ఏమంటారోనని అందరూ వెనకాడినప్పుడు, "వాయించేది చేతులు, పరీక్షలో పాస్ అయింది, బస్, అంతే" అని తీసుకున్నది ఆయనే. ఇంటికి తిరిగి దింపే బండి ఏర్పాటు చెయ్యనిదే నన్ను ఏ ఊరూ పంపలేదు. కాని ఆయనకి మెషిన్ల పిచ్చి. ముందు కొత్త రకం డ్రమ్ పాడ్ వచ్చింది. మా ఢోలక్ వాయించే ఇక్బాల్ భాయ్‌ని స్టూడియోలో కూర్చోబెట్టి అన్ని దెబ్బలూ రికార్డు చేయించారు. ఇక్బాల్ భాయ్ సరదాపడి తన దగ్గరున్నవన్నీ వాయించి ఇచ్చాడు. తరవాతి సీజన్‌లో పాడ్ మీద ఆయన దెబ్బలున్నాయి, ఆయన లేడు. వాటిని రబ్బరు ముక్కల మీద ఇంకో మనిషి కర్రలతో కొడుతుంటే, వెనక నిలబడి వాయించడం నాకు ఒంటికి పట్టేది కాదు.

ఆ సీజన్‌లోనే శంకర్ నగర్‌లో ఒక ఇంట్లో హల్దీ, అంటే పెళ్ళికూతురికి పసుపు రాసే వేడుక. మిట్టమధ్యాహ్నం, పెరట్లో షామియానా. పెళ్ళికూతురి నాయనమ్మ తాను ఒక పాట పాడతానంది. ఛత్తీస్‌గఢీలో పసుపు రాస్తూ పాడే పాట. సంతోష్ కీబోర్డులో తాళం పెట్టాడు. ఆవిడ సగం పాదం పాడి ఆగింది, మనవరాలి మొహం చూసి ఏడ్చేసింది. తాళం ఆగకుండా నడిచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అదే. కుర్రాళ్ళు నవ్వారు. ఆవిడ మైకు సంతోష్ చేతిలో పెట్టి, "మీ బాజాకీ నాకూ కుదరదు బాబూ" అంది.

నేను సంతోష్‌ని తాళం కట్టెయ్యమన్నాను. వైరు చాలినంతా లాక్కుని ముందుకు వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. "అమ్మా, మీ ఇష్టమొచ్చినట్టు పాడండి, నేను వెనకే వస్తాను" అన్నాను. ఆవిడ భుజాలు చూశాను. లేచి దిగాయి. పాదానికి ఒక్కటే స్వరం వేశాను, కింద, మెత్తగా. ఆవిడ ఏడ్చినప్పుడు ఆ స్వరాన్ని ఆరిపోనిచ్చి ఊరుకున్నాను. ఆవిడ మొదలుపెట్టినప్పుడు మళ్ళీ వేశాను. రెండో చరణానికి పెరట్లో ఆడవాళ్ళందరూ అందుకున్నారు. అంతమంది ఒకరికోసం ఒకరు ఆగుతూ పాడడం మా గుడి బయట నేను వినడం అదే మొదలు. దూబేజీ పందిరి రాటకి ఆనుకుని కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఒక్క రోజు పని

తరవాతి వారం దూబేజీ ఆఫీసుకి పిలిచి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పిస్తే ఏదో ఉందని మాకందరికీ తెలుసు.

"కరుణా, ఒక్కరోజు స్టూడియోలో కూర్చో. మన పాటలన్నిటికీ బేస్ వాయించి ఇచ్చెయ్. కీబోర్డులో వేసుకుంటాం."

"తరవాత నేనేం చెయ్యాలి?"

"కోరస్‌లో పాడు. లేదంటే యాంకరింగ్ చెయ్. ముందు నిలబడతావు, పేరొస్తుంది."

"నాకు ముందు నిలబడాలని లేదండి. వెనక నిలబడాలని ఉంది."

ఆయన నవ్వి, చెయ్యూపి, "ఆ రోజు పెళ్ళికూతురి దాదీకి వాయించావు చూడు, అది మాత్రం తప్పకుండా రికార్డు చెయ్యాలి. ప్రతి హల్దీలోనూ వేద్దాం" అన్నాడు.

నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. ఏడ్చిన మనిషే ఈ మాటంటున్నాడు. "దూబేజీ, నేను వాయించింది ఆవిడ ఊపిరికి. ఇంకో ఇంట్లో ఇంకో దాదీ ఇంకోచోట ఊపిరి తీసుకుంటుంది. మీ కీబోర్డు ఈ దాదీ ఆగినచోటే ఆగుతుంది, ఆవిడ ఆగినచోట ఆగదు. అప్పుడు కుర్రాళ్ళు మళ్ళీ నవ్వుతారు" అన్నాను.

"అదంతా గమనించేవాళ్ళు ఎంతమంది కరుణా? చల్తా హై."

"మీ దగ్గర చెల్లుతుందేమో. నేను ఇవ్వను."

"ఇవ్వకపోయినా వచ్చే సీజన్ నుంచి బేస్ కుర్చీ ఉండదు. సంతోష్ ఎడమచేత్తో లాగించేస్తాడు."

"లాగించనివ్వండి" అని టీ తాగకుండా వచ్చేశాను. మంచి టీ, ఇప్పటికీ బాధే.

మీరు కొత్తగా వస్తున్నారు కాబట్టి నిజం చెబుతాను. ఆ ఏడాది చాలా కష్టపడ్డాను. ధైర్యం ఎప్పుడూ ఉండేది కాదు. పిల్లలకి గిటారు పాఠాలు చెప్పాను, స్టూడియోల్లో చెవిలో టిక్కు టిక్కుమని తాళం చూపే క్లిక్ పెట్టుకుని ఒకే రకం ఆల్బము పాటలు వాయించాను. క్లిక్‌కి వాయించడం నేరమేమీ కాదు, అది కూడా రావాలి. కాని నేను వెతుక్కున్నది మెషిన్‌తో కుదరని వాళ్ళని. ఊళ్ళో అలాంటివాళ్ళు బోలెడుమంది ఉన్నారు. భజన మండళ్ళు, పండగలకి పాడే ముసలి గాయనులు, స్టూడియోవాళ్ళు "లయ లేదు" అని వెనక్కి పంపినవాళ్ళు. నేను ఒక్కొక్కరి ఇంటికే వెళ్ళి, వాళ్ళు పాడుతుంటే చాప మీద కూర్చుని వాయించాను. అలా దొరికింది ఫూల్‌బాయి.

ఫూల్‌బాయి పొలం పనులకి వెళ్ళి పాడుకుంటూ పెరిగిన మనిషి. గొంతులో గరుకుంది, ఆ గరుకులోనే తీపి. ఒక పాదాన్ని ఎక్కడ తుంచుతుందో ఆవిడకే తెలియదు. మొదటి రోజు నా ఆంప్లిఫయర్ని అనుమానంగా చూసి, "నోనీ, ఇది అరుస్తుందా?" అంది. నోనీ అంటే ఛత్తీస్‌గఢీలో చిన్నపిల్ల. నాకప్పటికే నలభై దగ్గరపడుతున్నాయి. "అరవదమ్మా, మీ కింద కూర్చుంటుంది" అన్నాను. ఆ తరవాత నయా రాయపూర్ వేదికల దాకా, చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో, ఆవిడ పాడింది, నేను కింద కూర్చున్నాను. నా పని జీవితంలో మంచి ఏళ్ళు అవే.

మళ్ళీ దూబేజీ

ఎడమచేతి వేళ్ళు ముందు ఉదయం పూట బిగుసుకునేవి. తరవాత పాట మధ్యలో బిగుసుకున్నాయి. కీళ్ళు అరిగాయని డాక్టరు చెప్పాడు. సరదాకి వాయించుకోవచ్చు, వృత్తిగా వద్దన్నాడు. సంగతి తెలిసి ఫూల్‌బాయి, "నువ్వు లేకపోతే నేనూ మానేస్తాను" అంది. ఆ మాట ప్రేమతోనే అంది. నేను మాత్రం భయపడ్డాను. నా వేళ్ళతో పాటు ఆవిడ పాట కూడా ఆగిపోతే నేను ఇన్నాళ్ళు పట్టుబట్టి నిలబెట్టినదేమిటి?

అప్పుడే దూబేజీ మిఠాయి పొట్లంతో మా ఇంటికి వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. అమ్మకి నమస్కారం పెట్టి, నా చేతులు చూపించమన్నాడు. చూసి మెల్లగా అన్నాడు.

"ఈసారి నా ఆర్కెస్ట్రా కోసం అడగడం లేదు. చేతులు ఇంకాస్త పనిచేస్తుండగానే ఫూల్‌బాయి పాటలన్నిటికీ నీ బేస్ రికార్డు చేసి పెట్టు. ఖర్చు నాది. లేకపోతే నీతో పాటే పోతుంది కరుణా."

నేను వెంటనే కాదనలేకపోయాను. ఆయన మాటలో స్వార్థం లేదు, భయం ఉంది, అదే భయం నాకూ ఉంది. ఆలోచించి చెబుతానన్నాను. ఆయన వెళ్ళాక అమ్మ కుర్చీలోంచి అడిగింది, "ఏమంటాడు?"

చెప్పాను.

"నేను రిటైరైనప్పుడు నా చేతులు రికార్డు చేసిచ్చి వచ్చానా?" అంది అమ్మ. "ఒకమ్మాయిని పక్కన నిలబెట్టుకుని, నరం ఎలా వెతకాలో చూపించి వచ్చాను. ఆ అమ్మాయి నాలా చెయ్యలేదు, దాని పద్ధతిలో అది చేసింది. రోగులేం చచ్చిపోలేదు గదా."

మర్నాడు దూబేజీకి ఫోన్ చేసి, రికార్డు వద్దు, నా బదులు వాయించే మనిషిని తయారుచేస్తానని చెప్పాను. "జిద్దీ" అన్నాడు, మొండిదానివని. తరవాత తన పాత ఆంప్ ఒకటి పంపించాడు.

స్నేహలత

మా సంఘంలో స్నేహలత అనే అమ్మాయి కాయిర్‌లో గిటారు వాయించేది. ఆస్పత్రిలో నర్సు, డ్యూటీల మధ్య నా దగ్గరికి వచ్చేది. చేతులు చురుకైనవి, అందుకే మొదట్లో తలనొప్పి. ఖాళీ కనపడితే నింపేసేది.

"ఆంటీ, అంతసేపు ఏమీ వాయించకపోతే నాకు డర్ లగ్తా, భయం. జనం నేను పాట మర్చిపోయి భూల్ అయిపోయాననుకుంటారు" అనేది.

"అనుకోనీ. నువ్వు ఆవిడని చూడు, జనాన్ని కాదు."

నేను చాలా కటువుగానే నేర్పాను. వేసిన స్వరం కంటే ఆగని చోట ఎక్కువ తిట్టాను. ఒకరోజు గిటారు పెట్టెలో పెట్టేసి వెళ్ళిపోయింది, మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా వచ్చి తీసి కూర్చుంది. ఆ పిల్ల నిలబడుతుందని నాకు అప్పుడు తెలిసింది.

ఫూల్‌బాయిని ఒప్పించడం ఇంకా కష్టమైంది. చివరికి, "ఒక్కసారి చూస్తాను. కుదరకపోతే ఇక నన్ను అడగొద్దు" అంది. తెలీబంధా చెరువు పక్కన సాయంత్రం చిన్న వేదిక. స్నేహలత ఆవిడకి ఒక పక్కగా నిలబడింది. నేను జనంలో ముందు వరసలో కూర్చున్నాను. బేస్ లేకుండా ఫూల్‌బాయి ముందు కూర్చోవడం నాకు కొత్త, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొదటి పాట సాఫీగా వెళ్ళింది. రెండోది, కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పటి పాట, అందులో ఒకచోట ఫూల్‌బాయి మాట మధ్యలో తుంచి ఆగింది. అంత పొడుగ్గా ఆగడం నేనూ ఎప్పుడూ వినలేదు. నేను ఆవిడ భుజాలు చూస్తున్నాను. లేచాయి, దిగాయి. నా వేలు మోకాలి మీద స్వరం నొక్కేసింది.

స్నేహలత వాయించలేదు.

తప్పింది అనుకున్నాను. కాని ఫూల్‌బాయి కూడా ఇంకా పాడడం లేదు. వేదిక మీద ఇద్దరూ కదలకుండా ఉన్నారు. ఒక్క క్షణం గడిచాక ఫూల్‌బాయి మిగిలిన సగం మాట అందుకుంది, సరిగ్గా దాని కింద స్నేహలత స్వరం పడింది. పక్కన కూర్చున్న ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చోట నేను వాయిస్తూ ఉంటే, ఆవిడ కంటే ముందు వెళ్ళిపోయి ఉండేదాన్ని.

కార్యక్రమం అయ్యాక స్నేహలతని అడిగాను, "భుజాలు దిగాయి గదా, ఎందుకు వెయ్యలేదు?"

"భుజాలు దిగాయాంటీ, కానీ ఊపిరి లోపలికి వెళ్ళలేదు. ఆవిడ ఏడుపు మింగుకున్నారు. పక్కనుంచి చూస్తే కడుపు కదల్లేదు. వార్డులో పేషెంట్లని రోజూ చూస్తాం గదా" అంది, వైరు చుట్టుకుంటూ.

ఇన్నేళ్ళు నేను భుజాలే చూశాను. కడుపు చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఆమెకి చెప్పలేదు.

ఫూల్‌బాయి వేదిక దిగి వచ్చింది. నా ముందు నుంచే నడిచి స్నేహలత దగ్గర ఆగి, దాని చెయ్యి పట్టుకుని, "నోనీ, వచ్చే ఆదివారం మా ఊళ్ళో పాట ఉంది. పొద్దున్నే వచ్చెయ్" అంది. నన్ను రమ్మనలేదు. ఆ పిలుపు నాదని అప్పటిదాకా అనుకున్నాను కాబట్టి గట్టిగా నొప్పి కలిగింది, దాచుకోను. కాసేపటికి ఆ నొప్పిలోంచే సంతోషం వచ్చింది.

స్నేహలత నా వైపు చూసింది, ఒప్పుకోమంటారా అన్నట్టు.

"నన్ను చూస్తావేంటే," అన్నాను, "ఆవిడకి జవాబు చెప్పు."